ఆక్యుపంక్చర్‌కి వెళ్ళబోతున్నారా? సూది సంగతి, నాడి సంగతి, మందు పొట్లం సంగతి

ఒంటి మీద కొన్ని బిందువుల్లో సన్నటి సూదులు గుచ్చే చైనా సంప్రదాయ వైద్యం ఆక్యుపంక్చర్. ఆ పేరు ఎత్తగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న "నొప్పి పుడుతుందా?" అని. పెద్దగా పుట్టదు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఏ బాధకి వెళ్తున్నాం, ఎన్నిసార్లు వెళ్ళి చూశాక ఆపాలి, చివర్లో చేతిలో పెట్టే మూలికల పొట్లంలో ఏముంది? సూది గురించి పదిమందిని వాకబు చేసే మనిషే ఆ పొట్లాన్ని మాత్రం "మూలికలే కదా" అని మారుమాట లేకుండా వాడేస్తాడు. ప్రమాదం లెక్క చూస్తే భయం ఉండాల్సిన చోటు సూది కాదు, పొట్లం. అందుకే ఇక్కడ సూది గురించి ధైర్యం చెప్తాను, పొట్లం గురించి కాస్త భయపెడతాను.

ముందు జబ్బు పేరేమిటో తేల్చుకోండి

ఆక్యుపంక్చర్ వైద్యుడి దగ్గరికి వెళ్ళే ముందే మామూలు డాక్టర్‌కి చూపించుకోండి. నమ్మకం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నడుం నొప్పి కండరం పట్టేయడం వల్ల రావచ్చు, వెన్నులో ఇన్‌ఫెక్షన్ వల్లా రావచ్చు. మొదటిదానికి సూదులు పెట్టించుకుంటే పోయేదేమీ లేదు. రెండోదానికి పెట్టించుకుంటూ కూర్చుంటే విలువైన వారాలు పోతాయి. ఛాతీ నొప్పి, ఒక చెయ్యో కాలో ఉన్నట్టుండి పట్టుతప్పడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, జ్వరంతో కలిసిన నడుం నొప్పి, నడుం నొప్పితోపాటు మూత్రం మీద అదుపు పోవడం, ఇంతకు ముందెన్నడూ ఎరగనంత తీవ్రమైన తలనొప్పి. వీటిలో ఏది ఉన్నా ఆక్యుపంక్చర్ మాట తలపెట్టకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మరి దేనికి వెళ్ళొచ్చు? చాన్నాళ్ళుగా వదలని నడుం నొప్పి, మెడ నొప్పి, మోకీళ్ళ అరుగుదల, తరచూ వచ్చే మైగ్రేన్, టెన్షన్ తలనొప్పి, ఆపరేషన్ తర్వాతో కీమోథెరపీ తర్వాతో పట్టుకునే వికారం. కాస్తో కూస్తో ఆధారం ఉన్నది వీటికే. ఆ ఆధారం ఎలాంటిదో ఒక ఉదాహరణలో చూడండి. చాలాకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న 1,162 మంది మీద జర్మనీలో ఒక పెద్ద పరీక్ష జరిగింది, ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. చైనా పద్ధతి చెప్పిన బిందువుల్లో సూదులు పెట్టించుకున్నవాళ్ళలో ఆరు నెలల తర్వాత 47.6 శాతం మందికి గుణం కనిపించింది. ఆ బిందువులు కాని చోట్ల ఊరికే పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం మందికి కనిపించింది. మందులు, వ్యాయామం, ఫిజియోథెరపీ లాంటి మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ళలో 27.4 శాతమే.

ఈ మూడు అంకెల్నీ కలిపి చదవాలి. మామూలు వైద్యం కంటే సూదులు బాగా పనిచేశాయని ఒకరు చంకలు గుద్దుకోవచ్చు. ఎక్కడ గుచ్చినా ఒకటేనని తేలిపోయింది కదా అని ఇంకొకరు పెదవి విరవొచ్చు. నా మటుకు రెండూ నిజమే అనిపిస్తుంది. అరగంట కదలకుండా పడుకోవడం, మన బాధను ఒకరు ఓపిగ్గా వినడం, తగ్గుతుందన్న ఆశ, సూది గుచ్చుకున్నప్పుడు నరాలు స్పందించే తీరు, ఇవన్నీ కలిసి పనిచేస్తాయి. ఫలానా బిందువే కావాలన్న సిద్ధాంతానికి మాత్రం అంత బలం కనిపించడం లేదు.

డాక్టర్ల సంఘాలు కూడా ఒక్క మాట మీద లేవు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ నడుం నొప్పికి ఆక్యుపంక్చర్ సూచించవద్దని 2016లో చెప్పింది. మరుసటి ఏడాదే అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అదే నడుం నొప్పికి మాత్రల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో దీన్ని చేర్చింది. తలనొప్పి విషయంలో మళ్ళీ నైస్ సంస్థే సుముఖంగా ఉంది. కాబట్టి "సైన్సు ఒప్పుకుంది", "సైన్సు కొట్టిపారేసింది" అని ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే, ఏ జబ్బు గురించి మాట్లాడుతున్నారో అడగండి.

సంతానం కోసం ఐవీఎఫ్ చేయించుకునేవాళ్ళకి దీన్ని గట్టిగా అమ్మజూపుతారు కనుక ఆ ముక్క కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మంది మహిళలతో చేసిన పరీక్ష 2018లో వెలువడింది. నిజం సూదులు పెట్టినవారిలో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి సూదులు పెట్టినవారిలో 17.8 శాతం మందికి బిడ్డలు పుట్టారు. తేడా లేనట్టే. ఆ రోజుల్లో మనసు కాస్త తేలికపడుతుందని వెళ్తే అది వేరే సంగతి.

మనిషిని ఎంచుకోవడం

మీరున్న చోట ఆక్యుపంక్చర్‌కి లైసెన్సు విధానం ఉంటే, ఆ మనిషి పేరు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎక్కడ చదివారు, ఎన్నేళ్ళు చదివారు అని ముఖం మీదే అడిగేయండి. కొన్నేళ్ళ చదువు చదివినవాళ్ళూ, రెండు మూడు రోజుల శిక్షణతో సూది పట్టినవాళ్ళూ ఒకే రకం బోర్డు పెట్టుకుంటారు.

ఫోన్‌లోనే సగం తెలిసిపోతుంది. మీరు వాడే మందుల గురించి వాళ్ళంతట వాళ్ళే అడిగారా? మీ బాధ మీద ఇది ఎంతవరకు పనిచేయొచ్చో, ఎంతవరకు పనిచేయకపోవచ్చో రెండూ చెప్పారా? "గ్యారంటీగా నయం చేస్తాం", "బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆపేసి రండి" అన్న చోటికి వెళ్ళనే వద్దు. మొదటి రోజే ఇరవై ముప్ఫై సిట్టింగులకి డబ్బు కట్టించుకునే ప్యాకేజీ కూడా మంచి సంకేతం కాదు. మీకు పనిచేస్తుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు కదా.

మీ గురించి దాచకుండా చెప్పాల్సినవి: గర్భం (అనుమానం ఉన్నా సరే), రక్తం పల్చబడే మందులు, రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు, పేస్‌మేకర్, గుండె కవాటాల సమస్య, ఫిట్స్, షుగర్ వల్ల కాళ్ళలో స్పర్శ తగ్గడం, రొమ్ము కేన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచడం, ఇంతకు ముందెప్పుడైనా ఇంజెక్షన్‌కి కళ్ళు తిరిగి పడిపోవడం. వీటిలో చాలావరకు వైద్యానికి అడ్డు కావు. సూది ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో మారుతుందంతే. ఉదాహరణకి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఉండే 'హెగు' బిందువును గర్భిణులకి వాడకపోవడం పాత ఆనవాయితీ. కొందరు సూదులకి సన్నటి కరెంటు కూడా కలుపుతారు, పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి అది పెట్టకూడదు.

వెళ్ళే రోజు

ఖాళీ కడుపుతో వెళ్ళకండి, కళ్ళు తిరిగేది ఎక్కువగా అలా వెళ్ళినవాళ్ళకే. అలాగని సుష్టుగా తిని వెంటనే వెళ్ళి బోర్లా పడుకోవడమూ కష్టమే. గంట రెండు గంటల ముందు తేలిగ్గా ఏదైనా తినండి. మోచేతుల పైకి, మోకాళ్ళ పైకి సులువుగా మడవగలిగే వదులు బట్టలు వేసుకోండి. ఎక్కువగా వాడే బిందువులు మోకాలి కింద, మోచేతి కింద ఉంటాయి కాబట్టి చాలాసార్లు బట్టలు మార్చుకునే పనే పడదు.

ఆ పొద్దున నాలుక గీసుకోవద్దు. నాలుక మీది పూతను వాళ్ళు పరీక్షగా చూస్తారు. కాఫీ, బీట్‌రూట్, రంగు మిఠాయిలు కూడా ఆ రెండు మూడు గంటలు పక్కన పెట్టండి. మీరు వాడే మందుల చీటీ, ఇటీవలి రిపోర్టులు వెంట ఉంచుకోండి. ఇంకో చిన్న సంగతి, ఎవరూ చెప్పరు. బల్ల ఎక్కే ముందు బాత్రూంకి వెళ్ళి రండి. ఒంటి మీద పది పదిహేను సూదులు ఉన్నప్పుడు ఆ అవసరం పడితే ఇబ్బంది అంతా ఇంతా కాదు.

నాలుక, నాడి, బోలెడు ప్రశ్నలు

మొదటి రోజు గంట, గంటన్నర పడుతుంది. అందులో సూదులు ఉండేది ఒక అరగంటే. మిగతాదంతా మాటలు, పరీక్ష. మోకాలి నొప్పికి వెళ్తే మలం గట్టిగా వస్తుందా పల్చగా వస్తుందా, రాత్రి చెమటలు పడతాయా, దాహం వేసినప్పుడు చల్లటివి తాగాలనిపిస్తుందా వేడివా, ఎన్ని గంటలకి మెలకువ వస్తుంది, నెలసరి ఎలా ఉంటుంది అని అడుగుతారు. మోకాలికీ దీనికీ సంబంధమేమిటని చిరాకు పడకండి. ఆ వైద్యంలో జబ్బు పేరు కంటే మనిషి మొత్తం తీరు ముఖ్యం. ఒకే మైగ్రేన్‌తో వచ్చిన ఇద్దరికి వేర్వేరు చోట్ల సూదులు పెట్టడం అందుకే.

నాలుక చాపమంటారు. రంగు, మందం, అంచుల్లో పళ్ళ గుర్తులు, పూత తెల్లగా ఉందా పసుపుగా ఉందా అన్నవి చూస్తారు. తర్వాత నాడి. మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించి, ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కుతూ చూస్తారు. ఒక చెయ్యి అయ్యాక రెండోది. ఒక్కో వేలి కిందా ఒక్కో అవయవం సంగతి తెలుస్తుందని వాళ్ళ లెక్క. ఎడమ చేతిలో గుండె, కాలేయం, మూత్రపిండం. కుడి చేతిలో ఊపిరితిత్తులు, ప్లీహం, మళ్ళీ మూత్రపిండం. అది మామూలు డాక్టర్ చేసినట్టు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టడం కాదు కాబట్టి కాసేపు మాట్లాడకుండా ఉండండి. ఇద్దరు వైద్యులు ఒకే మనిషి నాడి చూసి ఒకే మాట చెప్తారన్న నమ్మకం మాత్రం లేదు. పరిశోధనల్లోనూ వాళ్ళ మధ్య పొంతన అంతగా కనబడలేదు.

పరీక్ష అయ్యాక వినిపించే మాటలకి సిద్ధంగా ఉండండి. "మీ కిడ్నీ బలహీనంగా ఉంది", "లివర్‌లో చీ స్తంభించింది", "ప్లీహంలో తేమ పట్టింది" అంటారు. టెన్షన్ పడకండి. చీ అంటే ఒంట్లో ప్రవహిస్తుందని వాళ్ళు చెప్పే ప్రాణశక్తి. వాళ్ళ భాషలో కిడ్నీ అంటే మూత్రం వడకట్టే అవయవం ఒక్కటే కాదు. ఎముకలు, వయసు, పునరుత్పత్తి, ఒంట్లో వేడి, ఇలా ఎన్నింటినో కలిపి ఆ పేరుతో పిలుస్తారు. కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షకి పరుగెత్తనక్కర్లేదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. "మీ కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి" అని నాడి చూసి చెప్తే దాన్నీ ల్యాబ్ రిపోర్టు కింద జమకట్టొద్దు.

సూదులు

ఇంజెక్షన్ సూదిని మర్చిపోండి. దానికి మందు పోవడానికి లోపల రంధ్రం ఉంటుంది కాబట్టి లావుగా ఉంటుంది. ఆక్యుపంక్చర్ సూదికి రంధ్రం ఉండదు. 0.16 నుంచి 0.3 మిల్లీమీటర్ల మందంలో వెంట్రుకలా వంగే స్టీలు తీగ అది. మీ కళ్ళ ముందే సీలు చింపి తీయాలి, ఒకసారి వాడాక పారేయాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. ప్యాకెట్ విప్పడం మీరు చూడకపోతే అడగండి. వాడిన సూదులనే మళ్ళీ వాడిన చోట్ల హెపటైటిస్ బి పాకిన సందర్భాలున్నాయి.

వైద్యుడు చేతులు కడుక్కుని, చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, వేళ్ళతో తడుముతూ చోటు వెతుకుతారు. స్కేలుతో కొలవరు, మీ బొటనవేలి వెడల్పే కొలత. మోకాలి చిప్ప కింద నుంచి మీవే నాలుగు వేళ్ళ వెడల్పు దిగి, కాలి ఎముక అంచు నుంచి కాస్త బయటికి జరిగితే 'జుసాన్‌లీ' అనే బిందువు వస్తుంది. చాలామందికి పడే సూది ఇది. మణికట్టు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ళ ఎడంలో, తాళ్ళలా తగిలే రెండు స్నాయువుల మధ్య 'నేయ్‌గ్వాన్' ఉంటుంది. వికారానికి వాడేది ఇదే. ఇలా పేర్లు, నంబర్లు పెట్టిన బిందువులు ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో 361 ఉన్నాయి.

చిన్న ప్లాస్టిక్ గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైన ఉన్న సూది తలను వేలితో టక్కున తడతారు. చీమ కుట్టినంత చురుక్కు ఉంటుంది, కొన్నిసార్లు అదీ తెలియదు. గొట్టం తీసేశాక సూదిని ఇంకాస్త లోపలికి దింపి అటూ ఇటూ తిప్పుతారు. అసలు అనుభూతి అప్పుడు వస్తుంది. లోపల బరువుగా, తిమ్మిరిగా, మొండిగా లాగినట్టు ఉంటుంది. ఒక్కోసారి కాలి వేళ్ళ దాకా పాకుతుంది. దాన్ని 'దె చీ' అంటారు. అది రావాలనే వాళ్ళు చూస్తారు, "వచ్చిందా?" అని అడుగుతారు కూడా. కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటే, మంటగా ఉంటే, నొప్పి పదునుగా ఉండి తగ్గకపోతే మాత్రం వెంటనే చెప్పేయండి. సూది నరానికి తగిలి ఉండొచ్చు. కాస్త వెనక్కి లాగితే సరిపోతుంది. ఓర్చుకుంటే ఎక్కువ ఫలితం వస్తుందన్నది ఒట్టి మాట.

తర్వాత పదిహేను నిమిషాల నుంచి అరగంట మిమ్మల్ని అలా వదిలేస్తారు. కదలొద్దు. వైద్యుడు గది దాటి వెళ్తే పిలవడానికి గంటో బజరో మీ చేతికి అందేలా ఉందో లేదో ముందే చూసుకోండి. ముక్కు దురద పెట్టడం ఖాయం. చాలామందికి నిద్ర పట్టేస్తుంది. కొందరికి ఎందుకో తెలియకుండా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కంగారు పడొద్దు. చెమటలు పట్టి, వికారంగా, కళ్ళు చీకట్లు కమ్ముతున్నట్టు ఉంటే మాత్రం పిలవండి. సూదులు తీసేసి, పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెడితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. మొదటిసారి కూర్చోబెట్టి కాకుండా పడుకోబెట్టే సూదులు పెట్టమని అడగడం ఇందుకే.

తీసేటప్పుడు నొప్పి ఉండదు. ఒకటి రెండు చోట్ల రక్తపు బొట్టు వస్తే దూదితో అదిమితే ఆగుతుంది. పెట్టినప్పుడు ఎన్ని పెట్టారో, తీసినప్పుడు ఎన్ని తీశారో లెక్క సరిపోవాలి. జుట్టులోనూ చెవి వెనకా పెట్టినవి మర్చిపోవడం వినోదంగా అనిపించినా జరిగేదే. కాబట్టి మీరూ లెక్క పెట్టుకోండి. వాడిన సూదులు మామూలు చెత్తబుట్టలో కాకుండా సూదుల కోసం ఉంచిన గట్టి డబ్బాలో పడాలి.

ప్రమాదం ఎంత? బ్రిటన్‌లో ఆక్యుపంక్చర్ చేసేవాళ్ళ నుంచి సేకరించిన రెండు పెద్ద సర్వేలు 2001లో వచ్చాయి. రెండూ కలిపి 66 వేలకు పైగా సిట్టింగుల్లో ప్రాణం మీదికొచ్చిన ఘటన ఒక్కటీ నమోదు కాలేదు. కమిలిన మచ్చలు, కళ్ళు తిరగడం, కాసేపు నొప్పి పెరగడం లాంటివే. అంటే ప్రమాదం చాలా అరుదు అనే గానీ అసలు లేదని కాదు. భుజం పైభాగంలో, ఛాతీ మీద, వీపు పైన లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడొచ్చు. ఆ సంగతి అప్పుడే తెలియకపోవచ్చు. ఇంటికి వెళ్ళిన కొన్ని గంటల తర్వాత ఊపిరి ఆడకపోవడం, గాలి పీల్చినప్పుడు ఛాతీలో పొడిచినట్టు ఉండడం మొదలవుతుంది. అలా ఉంటే క్లినిక్‌కి ఫోన్ చేసి అడగడం కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళి ఎక్కడ సూదులు పెట్టారో చెప్పండి.

కప్పులు, పొగ, గీకుడు

సూదులతో పాటు ఇంకొన్ని చేయొచ్చు, మిమ్మల్ని అడిగి చేయాలి. కప్పింగ్‌లో గాజు కప్పులోని గాలిని వేడితోనో పంపుతోనో తీసేసి వీపు మీద అంటిస్తారు. చర్మం పైకి లాగుతుంది. ఊదారంగు గుండ్రటి మచ్చలు వారం పది రోజులు ఉంటాయి. 2016 రియో ఒలింపిక్స్‌లో ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ భుజాల మీద ప్రపంచమంతా చూసింది అవే. ఆ వారంలో పెళ్ళో ఫోటోలో ఉంటే వద్దనండి. గువా షా అంటే నూనె రాసి నున్నటి పలకతో గీకడం. ఎర్రటి చారికలు తేలి రెండు మూడు రోజుల్లో పోతాయి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి రెండూ మంచివి కావు.

మాక్సా అంటే మాచిపత్రి జాతి మొక్క ఎండుటాకుల్ని చుట్టి, కాల్చి, ఆ వేడిని చర్మానికి దగ్గరగా చూపడం. వాసన ఘాటుగా ఉంటుంది, ఉబ్బసం ఉంటే ముందే చెప్పండి. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్ళకి కాలేదాకా తెలియదు కాబట్టి పాదాలకి దాన్ని ఒప్పుకోవద్దు. చెవికి ప్లాస్టర్‌తో చిన్న గింజలు అంటించి "రోజూ నొక్కుకోండి" అంటారు. అదొక్కటి ఏ గొడవా లేనిది.

ఇంటికొచ్చాక

లేచి కాసేపు కూర్చుని బయల్దేరండి. ఆ రోజు మగతగా ఉండొచ్చు కాబట్టి మొదటిసారి మీరే బండి నడుపుకుని వెళ్ళకపోతే మేలు. నొప్పి ఒకటి రెండు రోజులు కాస్త పెరిగి తగ్గడం కొందరికి మామూలే. సూది పెట్టిన చోట ఎరుపు పాకుతున్నా, వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, తిమ్మిరి రోజులు గడిచినా పోకపోయినా డాక్టర్‌కి చూపించండి. "అదంతా లోపలి మలినం బయటికి పోతోంది" అని ఎవరైనా అంటే ఆ మాట విని ఆగిపోకండి.

ఎన్నిసార్లు వెళ్ళాలి, ఎప్పుడు మానాలి

మామూలుగా వారానికి ఒకటి రెండుసార్లు. తలనొప్పికి నైస్ సంస్థ చెప్పేది ఐదు నుంచి ఎనిమిది వారాల్లో పది సిట్టింగుల దాకా. అమెరికాలో వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ 2020 నుంచి దీర్ఘకాలపు నడుం నొప్పికి 90 రోజుల్లో 12 సిట్టింగులకి డబ్బిస్తోంది. గుణం కనిపిస్తే ఇంకో 8, లేకపోతే అక్కడికి ఆపేయాలి. డబ్బు లెక్క చూసుకునేవాళ్ళు పెట్టుకున్న ఈ షరతు మీరూ పెట్టుకోండి.

మొదటి సిట్టింగుకి వారం ముందు నుంచే ఒక పుస్తకంలో రాయడం మొదలుపెట్టండి. నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత, ఎన్ని మాత్రలు వేసుకున్నారు, రాత్రి ఎన్ని గంటలు నిద్ర, ఆగకుండా ఎంత దూరం నడవగలిగారు. మైగ్రేన్ అయితే నెలలో ఎన్ని రోజులు వచ్చింది. ఇది లేకుండా వెళ్తే మోసపోయేది మీరే, అదీ వైద్యుడి చేతిలో కాదు, జ్ఞాపకం చేతిలో. బాధ భరించలేనంత పెరిగినప్పుడే ఎవరైనా కొత్త వైద్యం వెతుక్కుంటారు. అంతగా పెరిగినది ఏమీ చేయకపోయినా కొన్నాళ్ళకి కొంత దిగుతుంది. అప్పుడు సూదుల మహిమ ఎంతో, కాలం చేసిన పని ఎంతో విడదీయలేం. ఏళ్ళ తరబడి ఒకే తీరున ఉన్న నొప్పి తగ్గితే లెక్క వేరు.

ఐదారు సిట్టింగులయ్యాక పుస్తకం తెరవండి. అంకెలు కదలకపోతే "నాకు పనిచేయలేదండీ, ఇక్కడితో ఆపేస్తాను" అని చెప్పడానికి సంకోచం అక్కర్లేదు. నిజాయితీ ఉన్న వైద్యుడు ఆ మాట మీకంటే ముందే అంటాడు. తగ్గితే మధ్యలో ఎడం పెంచుతూ పోండి.

ఇక మందు పొట్లం

చాలా చోట్ల సిట్టింగు చివర్లో మూలికలు రాసిస్తారు. ఎండిన వేర్లు, బెరడు, ఆకులు కలిపిన పొట్లం ఇచ్చి అరగంటో గంటో మరిగించి తాగమంటారు. లేదా వేడినీళ్ళలో కలుపుకునే పొడి, నల్లటి చిన్న గుళికలు. ఒక్కో కషాయంలో పది పదిహేను రకాలు ఉండడం మామూలు. రుచి సంగతి చెప్పనక్కర్లేదు.

ఈ మొక్కల్లో శక్తి లేదని అనడం లేదు. తూ యూయూ అనే చైనా శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు తిరగేసి, మాక్సాకి వాడే మొక్క జాతికే చెందిన చింగ్‌హావ్ నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ని పట్టుకుంది. 2015లో నోబెల్ వచ్చింది. దాన్ని చూపించి "చూశారా, మూలికలన్నీ నిజమే" అంటుంటారు. కానీ ఆమె చేసింది ఒకే ఒక పదార్థాన్ని విడదీసి, మోతాదు కట్టి, మనుషుల మీద పరీక్షించడం. మీ పొట్లం ఆ దారిలో వచ్చింది కాదు. పైగా మేలు చేసే శక్తి ఉన్న మొక్కకి కీడు చేసే శక్తి కూడా ఉంటుంది.

1990 దశకం మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఏం జరిగిందో చూడండి. బరువు తగ్గించే ఒక క్లినిక్‌లో ఆడవాళ్ళకి చైనా మూలికలు కలిపిన మాత్రలు ఇచ్చారు. అందులో ఉండాల్సింది 'ఫాంగ్ జీ' అనే వేరు. పేరులో పోలిక ఉన్న 'గ్వాంగ్ ఫాంగ్ జీ' దాని బదులు పడింది. అందులో కిడ్నీలకి విషమైన అరిస్టలోకిక్ యాసిడ్ ఉంటుంది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. చాలామందికి డయాలసిస్సో కిడ్నీ మార్పిడో తప్పలేదు. తర్వాతి ఏళ్ళలో కొందరికి మూత్రనాళాల్లో కేన్సర్ కూడా బయటపడింది. అక్కడ ఎవరూ విషం పెట్టాలనుకోలేదు. ఒక వేరు బదులు ఇంకోటి వచ్చింది, అంతే.

అందుకని పొట్లం చేతికి తీసుకునే ముందు అందులోని ప్రతి మూలిక పేరూ మోతాదుతో సహా రాసివ్వమని అడగండి, వీలైతే శాస్త్రీయ నామంతో. "అది మా రహస్య ఫార్ములా" అంటే తీసుకోవద్దు. రాసివ్వడానికి ఇష్టపడని మందును మింగడానికి మీరెందుకు ఇష్టపడాలి? చీటీని మీ డాక్టర్‌కో ఫార్మసిస్టుకో చూపించండి. ఎక్కువగా తగులుకునేవి కొన్ని ఉన్నాయి. దాంగ్ గ్వేయ్, దాన్‌షెన్ అనే వేర్లు రక్తం పల్చబడే మందు వార్ఫరిన్‌తో కలిస్తే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. అతిమధురం చైనా కషాయాల్లో చాలావాటిలో కలుస్తుంది. రోజుల తరబడి ఎక్కువగా తీసుకుంటే బీపీ పెరిగి, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. బీపీకి, గుండెకి మందులు వాడేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. మా హువాంగ్ అంటే ఎఫెడ్రా. ఇది గుండె వేగాన్నీ బీపీనీ పెంచుతుంది. 2004లో అమెరికా దీన్ని సప్లిమెంట్లలో నిషేధించింది. ఫూ జీ అంటే వసనాభి జాతి దుంప. దాన్ని పద్ధతి ప్రకారం శుద్ధి చేయకపోయినా, చెప్పినంతసేపు మరిగించకపోయినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. నాలుక, పెదాలు తిమ్మిరెక్కడం దాని మొదటి గుర్తు.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ లేదా కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు, కీమోథెరపీలో ఉన్నవాళ్ళు, పిల్లలు: వీళ్ళకి సూదులు పెట్టించినా పొట్లం మాత్రం వద్దనే నా సలహా. ఆపరేషన్ డేటు ఉంటే మూలికలు వాడుతున్నట్టు మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. ఆన్‌లైన్‌లో పేరూ ఊరూ లేని సీసాలు అస్సలు కొనొద్దు. మొక్కల మందని అమ్మే వాటిలో స్టెరాయిడ్లు, నొప్పి మాత్రల పొడి కలిపి దొరికిన సందర్భాలు ఎన్నో. ఒక్క రోజులో మాయమైన కీళ్ళ నొప్పికి సంతోషించే ముందు ఆ అనుమానం రావాలి.

"వద్దు, నాకు సూదులు చాలు" అని చెప్పే హక్కు మీకుంది. సూదుల వైద్యం మూలికలు లేకుండా నడుస్తుంది, చాలామంది అలాగే చేయించుకుంటారు. తీసుకోవాలనే నిర్ణయించుకుంటే, నెల దాటి వాడాల్సి వస్తే మొదలుపెట్టే ముందొకసారి, మధ్యలో ఒకసారి కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించమని మీ డాక్టర్‌ని అడగండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, మూత్రం తగ్గి కాళ్ళు వాచినా, గుండె దడదడలాడినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా అప్పటికప్పుడు ఆపేసి ఆసుపత్రికి వెళ్ళండి. మిగిలిన పొట్లం, మూలికల పేర్లు రాసిన చీటీ, మరిగించాక మిగిలిన పిప్పి ఉంటే అదీ ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి.